డిక్రీ దొరికింది, కానీ దాని మీద ఉన్న సంవత్సరమే అడ్డం పడింది: ఒక పాత విడాకుల రికార్డు కేసు

ఈ కేసు నా క్లయింటు ఒకావిడది, రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. ఊరు, కోర్టు, శాఖ, కేసు నంబర్లు తీసేశాను. సంవత్సరాలు కూడా కొద్దిగా జరిపాను. ఏది ముందు ఏది తర్వాత అన్న వరుసను మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను, ఎందుకంటే కేసంతా ఆ వరుస మీదే నడిచింది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 22 ప్రకారం ఇలాంటి కేసులు మూసిన తలుపుల వెనక జరుగుతాయి, వివరాలు అచ్చు వేయడం నేరం. అందుకే ఎవరివో గుర్తుపట్టే సంగతులేవీ ఇందులో ఉండవు. పాత విడాకుల కాపీ కోసం తిరుగుతున్న ఆడవాళ్లు మా ఆఫీసుకు నెలకు ఒకరిద్దరైనా వస్తారు, వాళ్లకూ కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చిన జూనియర్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

ఆమెకు యాభై దాటాయి. తెలంగాణలో ఒక చిన్న టౌన్‌లో తమ్ముడి ఇంటి పక్కన ఒక గదిలో ఉంటూ కుట్టు మిషన్ మీద బతుకుతున్నారు. తండ్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, రిటైరయ్యాక 1998లో పోయారు. తర్వాత తల్లికి ఫ్యామిలీ పెన్షన్ వచ్చేది. 2009 ఫిబ్రవరిలో తల్లి కూడా పోయారు, దాంతో పెన్షన్ ఆగింది. విడాకులైన కూతురికి కూడా ఆ పెన్షన్ వస్తుందని 2023లో ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చారు.

చెప్పినవాళ్లు నిజమే చెప్పారు. 25 ఏళ్లు దాటిన విధవ, విడాకులైన కూతుళ్లకు ఫ్యామిలీ పెన్షన్ ఇవ్వొచ్చని కేంద్రం 2004లోనే చెప్పింది. అయితే తల్లిదండ్రులు బతికి ఉండగానే విడాకులు వచ్చి ఉండాలి అనే పట్టు ఉండేది. కోర్టు కేసులు ఏళ్ల తరబడి సాగుతాయి కదా, తీర్పు వచ్చేలోపు తల్లో తండ్రో పోతే ఆ కూతురి గతేంటి? ఆ ఇబ్బంది చూసి 2017 జూలైలో కేంద్ర పెన్షన్ శాఖ ఇంకో ఉత్తర్వు ఇచ్చింది: తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికి ఉండగా విడాకుల కేసు కోర్టులో వేసి ఉంటే చాలు, డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) తర్వాత వచ్చినా ఫరవాలేదు, విడాకుల తేదీ నుంచి పెన్షన్ లెక్కకడతారు. మళ్లీ పెళ్లి చేసుకోకూడదు, ఆదాయం ఒక పరిమితి దాటకూడదు అనే షరతులు మామూలే, వాటితో ఈమెకు సమస్య లేదు.

మొదటి రోజు ఆమె తెచ్చింది ఒకే కాగితం. 2005లో స్టాంపు పేపర్ మీద రాసుకున్న విడాకుల ఒప్పందం, కింద ఏడుగురు పెద్దమనుషుల సంతకాలు. "ఇదే నా విడాకుల కాగితం వకీలమ్మా, అందరు సంతకాలు పెట్టిన్రు" అన్నారు.

ఇక్కడే మొదటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. కుల ఆచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) కాపాడుతుంది, నిజమే. కానీ ఆ కులంలో అలాంటి ఆచారం ఎప్పటి నుంచో ఉందని రుజువు చేయాలి, అది ఆఫీసు టేబుల్ దగ్గర తేలే విషయం కాదు. పెన్షన్ శాఖకు కావాల్సింది కోర్టు డిక్రీ. ఆ కాగితం మీద ఆశ పెట్టుకోవద్దని ఆమెకు చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది, పద్దెనిమిదేళ్లుగా దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నారు. "అక్కా, దీని తర్వాత కోర్టుకు ఎప్పుడైనా వెళ్లారా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పోయిన కదా, మూడేండ్లు తిరిగిన. బోనులో నిలబడి చెప్పిన. అయిపోయింది ఇంటికి పో అన్నడు మా ప్లీడరు" అన్నారు.

అంటే డిక్రీ ఉంది. కాపీ మాత్రం ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు ఇద్దరికీ ఒక్కో కాపీ ఉచితంగా ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 23(4)లో ఉంది, ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇలా 'అయిపోయింది' అన్న ఒక్క మాటతో ఇంటికి వెళ్లిపోయిన ఆడవాళ్లు ఎంతమందో. నాకు దీని మీద నిజంగా కోపం ఉంది, ఎందుకంటే ఆ రోజు పావుగంటలో అయ్యే పని ఇప్పుడు తొమ్మిది నెలలు పట్టింది.

చేతిలో నంబర్ లేదు

కేసు నంబర్ తెలియదు. సంవత్సరం "2007 కావచ్చు, 2008 కావచ్చు". కోర్టు పేరు "తాసీలాఫీసు పక్కన పాత బిల్డింగ్". ప్లీడరు చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన జూనియర్‌ను కలిస్తే ఫైళ్లన్నీ ఇల్లు మారేటప్పుడు పోయాయన్నాడు. భర్త ఎక్కడున్నాడో అప్పుడే తెలియదు, ఇప్పుడు అసలే తెలియదు.

నా దగ్గరికి రాకముందే ఇంటివాళ్లు రెండు ప్రయత్నాలు చేశారు. తమ్ముడు నేరుగా కోర్టుకు వెళ్లి మా అక్క విడాకుల కాపీ కావాలని అడిగాడు, ఇవ్వం అన్నారు. అలా అనడంలో తప్పు లేదు. కేసులో పార్టీ (కేసు వేసినవాళ్లు లేదా ఎదుటివాళ్లు) అయితే మామూలు కాపీ అప్లికేషన్ సరిపోతుంది. పార్టీ కానివాళ్లు ఎందుకు కావాలో అఫిడవిట్‌తో పిటిషన్ వేసి జడ్జి గారి ఉత్తర్వు తెచ్చుకోవాలి, అందులోనూ విడాకుల కేసంటే ఇంకా జాగ్రత్తగా ఉంటారు. సొంత తమ్ముడైనా కేసు దృష్టిలో మూడో మనిషే. మేనల్లుడేమో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. కోర్టు నిబంధనల ప్రకారం కాపీకి అప్లై చేసుకోండి అని జవాబు వచ్చింది. దాన్ని అప్పీలుకు తీసుకెళ్దాం అన్నాడు, నేను వద్దన్నాను. కోర్టు రికార్డుల సర్టిఫైడ్ కాపీలు (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకళ్లు) కోర్టు రూల్స్ దారిలోనే తీసుకోవాలి, సమాచార హక్కు దారిలో కాదు అని గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చిలోనే తేల్చేసింది. ఆ దారిలో పోతే ఇంకో ఏడాది పోతుంది తప్ప కాగితం రాదు.

ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో పేరుతో వెతికాను. పేరులో కనీసం మూడక్షరాలు, సంవత్సరం ఇవ్వాలి. 2006 నుంచి 2010 దాకా, ఆమె పేరుతో, భర్త పేరుతో, ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి చూశాను. ఏమీ రాలేదు. అంటే కేసు లేదనా? కాదు. పాత కేసులు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కలేదు, ఎక్కినవాటిలో పేరు ఎవరు ఎలా టైప్ చేశారో తెలియదు. వెబ్‌సైట్‌లో లేదు కాబట్టి కేసే లేదనే మాట కోర్టు సిబ్బంది నోట కూడా విన్నాను, దాన్ని మాత్రం నమ్మకండి.

కోర్టు బయట ఒకతను ఐదు వేలిస్తే వారంలో డిక్రీ కాపీ తెచ్చిస్తానని తమ్ముడికి చెప్పాడట. నంబర్ లేకుండా వారంలో వచ్చే డిక్రీ ఎక్కడి నుంచి వస్తుంది? అలాంటి కాగితం పెన్షన్ ఫైల్లో పెడితే వాళ్లు వెరిఫికేషన్‌కు కోర్టుకే రాస్తారు, అప్పుడు పెన్షన్ సంగతి దేవుడెరుగు, ఆమె మీద క్రిమినల్ కేసు అవుతుంది. ఈ విషయం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

నేనూ ఒక తప్పు చేశాను. నంబర్ కాలమ్ ఖాళీగా వదిలి, పార్టీల పేర్లు, సుమారు సంవత్సరం రాసి కాపీ అప్లికేషన్ వేశాను, రికార్డ్ రూమ్ వాళ్లు వెతుకుతారులే అనుకున్నాను. నాలుగు రోజుల్లో రిటర్న్ అయింది. ఆలోచిస్తే న్యాయమే. అక్కడ కట్టలు పేర్ల వరుసలో ఉండవు. ఈ కోర్టులో అయితే కేసు డిస్పోజ్ అయిన (తేలిపోయిన) నెల, సంవత్సరం ప్రకారం అరల్లో పేర్చారు. పేరు చెబితే రికార్డ్ కీపర్ ఏ అర దగ్గరికి పోవాలి?

ట్రంకు పెట్టె

అప్పుడు వెతికే పద్ధతి మార్చాను. కేసు కాగితం లేకపోతే, ఆ కేసు వల్ల పుట్టిన ఇంకే కాగితాలు ఇంట్లో ఉండొచ్చు? సమన్ల కవరు, రిజిస్టర్డ్ పోస్టు రసీదు, మెయింటెనెన్స్ కేసు ఏదైనా వేసి ఉంటే దాని ఎం.సి. నంబర్, వకాలత్ (వకీలును పెట్టుకున్నట్టు రాసిచ్చే కాగితం) జిరాక్స్, ఫీజు రాసిచ్చిన చీటీ. ఒక్కోటి అడుగుతూ పోయాను. మెయింటెనెన్స్ వేయలేదు. రసీదులు లేవు. చివరికి, "మీ ఆయన అడ్రసు దొరకలేదన్నారు కదా, మరి నోటీసు ఎట్లా పంపారు? పేపర్లో ఏమైనా వేయించారా?" అని అడిగాను.

అడ్రసు దొరకని మనిషికి కోర్టు అనుమతితో పత్రికా ప్రకటన ద్వారా నోటీసు ఇస్తారు, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 20 అదే. ఆ ప్రకటనలో కోర్టు పేరు, కేసు నంబర్, వాయిదా తేదీ తప్పకుండా ఉంటాయి.

ఆమె ముఖం మారింది. "మా అమ్మ దాచింది ఆ పేపరు. నా పేరు పేపర్ల పడ్డదని ఏడ్చింది" అన్నారు. రెండు రోజుల తర్వాత తమ్ముడు ఫోన్లో ఫోటో పంపాడు. తల్లి ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద పరిచిన పేపరు, అంచులు పొడిపొడి అవుతున్నాయి. సీనియర్ సివిల్ జడ్జి కోర్టు (సబ్ కోర్టు అంటాం) పేరు, 2007 సంవత్సరపు ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్) నంబర్, వాయిదా తేదీ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయలేను.

ఆ నంబర్ తీసుకుని సబ్ కోర్టుకు వెళ్లాను. కంప్యూటర్ దగ్గరికి కాదు, నేరుగా ఓ.పి. రిజిస్టర్ దగ్గరికి. పేజీలో ఆమె పేరు ఉంది, దాఖలు తేదీ 2007 నవంబర్. ఫలితం రాసే గడి ఖాళీ. పక్కన రిమార్కుల్లో ఎర్ర సిరాతో, జిల్లా కేంద్రంలోని ఫ్యామిలీ కోర్టుకు బదిలీ, 2009 ఆగస్టు అని రాసి ఉంది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984 ప్రకారం, ఒక ప్రాంతానికి ఫ్యామిలీ కోర్టు వస్తే అక్కడి సివిల్ కోర్టుల్లో పెండింగులో ఉన్న విడాకుల కేసులన్నీ దానికి పోతాయి. పోయాక అక్కడ కొత్త నంబర్ పడుతుంది. అలా ఈమె ఓ.పి. 2009 ఎఫ్.సి.ఓ.పి. (ఫ్యామిలీ కోర్టు ఓ.పి.) అయిపోయింది.

ఆ నంబర్‌తో ఈ-కోర్టుల సైట్‌లో మళ్లీ వెతికితే కేసు అక్కడే ఉంది! డిక్రీ 2010 జూన్, ఎక్స్‌పార్టీ, అంటే భర్త కోర్టుకు రాకుండానే ఇచ్చింది. పేరుతో ఎందుకు రాలేదో కూడా తెలిసింది: ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మొదటి అక్షరాలే వేరు. లక్ష్మి అనే మనిషిని లచ్మి అని ఎక్కించినట్టు అనుకోండి, అసలు పేరు ఇది కాదు.

ఇంకో మెలిక. 2016లో తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. కోర్టుల జిల్లాలు మాత్రం 2022 జూన్ 2న 33 అయ్యాయి. ఆమె టౌన్ ఇప్పుడు వేరే జిల్లా, వేరే జిల్లా కోర్టు. రికార్డు మాత్రం పాత జిల్లా కేంద్రంలోనే ఉండిపోయింది. కాబట్టి 'మా జిల్లా కోర్టు' అని ఇప్పటి జిల్లాకు వెళ్తే లాభం లేదు, కేసు తేలిన రోజున ఆ ఊరు ఏ కోర్టు కింద ఉండేదో అది చూడాలి.

కాపీ అప్లికేషన్ వేసేముందు ఆమెతో వకాలత్ తీసుకున్నాను. డిక్రీలో అత్తింటి ఇంటిపేరు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, అందుకని ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ కూడా జత చేశాను. సి.ఏ. (కాపీ అప్లికేషన్) నంబర్ పడింది. తర్వాత కాపీ చార్జీలు ఎంతో లెక్కకట్టి నోటీసు బోర్డు మీద లిస్టు పెడతారు, గడువులోగా కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. ఆ వారం నేను వేరే కోర్టులో ట్రయల్‌లో ఉండి బోర్డు చూడలేదు, అప్లికేషన్ పోయింది. మళ్లీ వేశాను. ఇది పూర్తిగా నా తప్పు, ఆమెకు అలాగే చెప్పాను. రెండోసారి రోజూ ఎవరో ఒకరు బోర్డు చూసేలా మా క్లర్క్‌కు అప్పజెప్పాను. ఐదు వారాలకు డిక్రీ, తీర్పు కాపీలు చేతికొచ్చాయి.

డిక్రీ ఇచ్చాక కూడా తిరస్కారం

పని అయిపోయిందనుకున్నాం. పెన్షన్ ఆఫీసు నుంచి రెండు నెలలకు ఉత్తరం వచ్చింది: తల్లి మరణం 2009 ఫిబ్రవరి, మీ కేసు 2009 ఆగస్టులో నమోదైంది, కాబట్టి అర్హత లేదు.

ఉత్తరం చదవగానే ఎక్కడ పొరపాటు జరిగిందో అర్థమైంది. డిక్రీ మీద ఎఫ్.సి.ఓ.పి. 2009 అని మాత్రమే ఉంది. బదిలీ అయిన కేసుల్లో చాలా చోట్ల కొత్త నంబర్ పక్కన బ్రాకెట్లో పాత నంబర్ వేస్తారు, ఇందులో వేయలేదు. తేదీ కాలమ్‌లో కూడా ఫ్యామిలీ కోర్టు ఫైలుకెక్కిన తేదీయే రాశారు. ఆ ఆఫీసులో కూర్చున్న మనిషి తన ముందున్న కాగితం చదివాడు, అతనిది తప్పనలేం. నేనే కాపీ అడిగేముందు ఒక ప్రశ్న వేసుకోవాల్సింది: ఈ కాగితంతో మనం ఏం రుజువు చేయాలి? విడాకులు అయ్యాయని మాత్రమే కాదు, తల్లి బతికి ఉండగా కేసు వేశారని కూడా. మొదటిదానికి డిక్రీ చాలు. రెండోదానికి డిక్రీ పనికిరాదు.

ఇప్పుడు మూడు దారులు కనిపించాయి. ఒకటి, డిక్రీలో పాత నంబర్, అసలు దాఖలు తేదీ చేర్చమని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152 కింద పిటిషన్ వేయడం. రాతలో జరిగిన పొరపాట్లను ఎప్పుడైనా సరిదిద్దే అధికారం కోర్టుకు ఉంది, గెలుస్తామనే నమ్మకం కూడా ఉంది. కానీ అవతలి పక్షానికి నోటీసు పోవాలి, అతను ఎక్కడున్నాడో తెలియదు, మళ్లీ పేపర్ ప్రకటన, మళ్లీ వాయిదాలు. రెండు, పెన్షన్ ఆఫీసులో ఒకరు ఫోన్లో చెప్పినట్టు, కేసు 2007లో వేశారని కోర్టు నుంచి సర్టిఫికెట్ తేవడం. అలా కోర్టు ప్రత్యేకంగా సర్టిఫికెట్ రాసివ్వదు, తన దగ్గర ఉన్న రికార్డుకు కాపీ మాత్రమే ఇస్తుంది. మూడు, అదే కట్టలో ఉన్న వేరే కాగితాలకు కాపీలు తీసుకోవడం.

మూడోది ఎంచుకున్నాను. కట్టలో ఏముంటుందో గుర్తు చేసుకుని ఒక్కోటి పేరు పెట్టి అడిగాను: మొదటి పేజీ మీద సబ్ కోర్టు దాఖలు ముద్ర ఉన్న అసలు పిటిషన్, మొదటి వాయిదా నుంచి డాకెట్ షీట్లు (వాయిదా వాయిదాకు ఏం జరిగిందో రాసే కాగితాలు), బదిలీ ఉత్తర్వు. కేసుకు సంబంధించిన కాగితాలు అని కలిపి రాస్తే ఏది ఇవ్వాలో తెలియక రిటర్న్ చేస్తారు. సబ్ కోర్టులో విడిగా ఇంకో అప్లికేషన్ వేసి ఓ.పి. రిజిస్టర్‌లోని ఆ పేజీకి కాపీ అడిగాను. పాత కేసుల్లో మిగతా కాగితాలను కొన్నేళ్లకు నాశనం చేస్తారు, తీర్పు, డిక్రీలను వాటికన్నా ఎక్కువ కాలం ఉంచుతారు. అందుకే కట్టలో పిటిషన్ మిగిలి ఉంటుందా అని టెన్షన్ పడ్డాను, లేకపోతే రిజిస్టర్ పేజీయైనా ఉంటుంది కదా అని ఆ రెండో అప్లికేషన్. అదృష్టం కొద్దీ రెండూ దొరికాయి. పిటిషన్ మొదటి పేజీ మీద 2007 నవంబర్ ముద్ర, సంతకంతో సహా, చక్కగా ఉంది.

వాటితో పాటు ఒక పేజీ కవరింగ్ లెటర్ రాశాను. వాదన ఏమీ పెట్టలేదు. తేదీలు మాత్రం వరుసగా: 2007 నవంబర్ పిటిషన్ దాఖలు, 2009 ఫిబ్రవరి తల్లి మరణం, 2009 ఆగస్టు బదిలీ, 2010 జూన్ డిక్రీ. ఒక్కో తేదీ పక్కన అది ఏ కాపీలో ఏ పేజీలో ఉందో రాసి, ఆ పేజీకి రంగు చీటీ అంటించాను. కింద 2017 ఉత్తర్వు గురించి రెండు లైన్లు. పెద్దమనుషుల కాగితాన్ని ఈ సెట్‌తో పంపలేదు. దాచిపెట్టాలని కాదు, దాని ప్రస్తావన పిటిషన్‌లోనే ఉంది. కానీ విడిగా పెడితే విడాకుల తేదీ 2005నా 2010నా అని కొత్త ప్రశ్న మొదలయ్యేది.

మూడు నెలల్లో మంజూరు ఉత్తర్వు వచ్చింది, డిక్రీ తేదీ నుంచి బకాయిలతో.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

కాపీ కోసం ఎవరు వచ్చినా ముందు, ఇది ఎవరికి చూపించాలి, వాళ్లు ఏ ప్రశ్న అడుగుతారు అని తేల్చుకుంటున్నాను. పెన్షన్‌కు ఒకటి, పాస్‌పోర్టుకు ఒకటి, అమెరికాలో రెండో పెళ్లి మీద గ్రీన్ కార్డుకు ఇంకొకటి. విదేశాలకైతే సర్టిఫైడ్ కాపీ ఒక్కటే చాలకపోవచ్చు, దాని మీద అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) అడుగుతారేమో ముందే కనుక్కోవాలి, ఎందుకంటే మడతలు పడ్డ పాత కాపీ కన్నా కొత్తగా తీసిన కాపీతో ఆ పని తేలిక.

నంబర్ లేకపోతే కోర్టుకన్నా ముందు ఇల్లు వెతికిస్తాను. పేపర్ ప్రకటన ఉందా అనే ప్రశ్న ఇప్పుడు మొదటి పది నిమిషాల్లోనే అడుగుతాను. నంబర్ దొరికినా రిజిస్టర్‌లో రిమార్కుల గడి చూడకుండా కాపీకి వేయను. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత సహాయం అందుతుంది, 1987 చట్టం సెక్షన్ 12లోనే ఉంది. వకీలుకు ఇచ్చే స్తోమత లేనివాళ్లు జిల్లా కోర్టులోనే ఉండే ఆ ఆఫీసుకు వెళ్లి కాపీ పని గురించి అడగొచ్చు.

విడాకులు వచ్చిన నా క్లయింట్లకు ఇప్పుడు డిక్రీ, తీర్పుతో పాటు ముద్ర ఉన్న పిటిషన్ మొదటి పేజీకి కూడా సర్టిఫైడ్ కాపీ తీయించి రెండేసి సెట్లు చేతికిచ్చాకే ఫైలు మూస్తున్నాను. ఈమెకు కూడా రెండో సెట్ ఇచ్చాను. అది ఆ ట్రంకు పెట్టెలోనే పెట్టారట, పాత పేపరుతో పాటు.